శంకరాభరణంలో హల్లెలూయ

చిక్కడపల్లిలో పాట అంటే ఎవరికైనా త్యాగరాయ గానసభే గుర్తొస్తుంది. న్యాయమే. కానీ అక్కణ్ణుంచి నారాయణగూడ వైఎంసీఏ దాకా, ఇటు అశోక్‌నగర్ మీదుగా గోల్కొండ క్రాస్‌రోడ్స్ దాకా ఆదివారం పొద్దున ఓ చుట్టు చుడితే రాగం, తాళం తెలిసిన మరో తెలుగు పాట చెవినపడుతుంది. అది చర్చి పాట. సంగీత విమర్శకులు దాని జోలికి పెద్దగా పోలేదు. ఒక్కడు పాడితే కచేరీ అని చెవి ఒగ్గే మనం, నలుగురు కలిసి పాడితే భజన అని తేలిగ్గా తీసేస్తాం. అందుకే కావచ్చు.

ఈ పాట పుట్టింది హైదరాబాదులో కాదు, ఉత్తరాన గంజాం వైపు. పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. క్రైస్తవం స్వీకరించాక తెలుగులో వందకు పైగా కీర్తనలు కట్టాడు. ఇంగ్లిషు పాటలకు తెలుగు మాటలు అతికించే పని మిషనరీలు ఎలాగూ చేస్తున్నారు. చౌదరి పల్లవి, చరణాల దారి పట్టాడు. ఇప్పటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. ఆర్.ఆర్. సుందరరావు 1983లో ఈ కీర్తనల మీద ఇంగ్లిషులో పుస్తకం రాస్తూ వాటిలోని దైవచింతనను ఏకంగా భక్తి సంప్రదాయంతోనే ముడిపెట్టాడు.

జంటనగరాల్లో మొదట వినిపించింది మాత్రం దొరల పాట. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ 1813 నాటిది, అబిడ్స్ సెయింట్ జార్జి చర్చి 1867లో ప్రతిష్ఠ అయింది. ఆర్గన్, నాలుగు గొంతుల క్వాయర్, హాండెల్ ‘మెస్సయ్య’ ఆ దారినే వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా నుంచి ఉద్యోగులు వచ్చి చిక్కడపల్లి, నారాయణగూడ, హిమాయత్‌నగర్ ఇళ్లలో దిగారు. వాళ్లలో గుంటూరు లూథరన్లున్నారు, నెల్లూరు బాప్టిస్టులున్నారు. ఒకే కీర్తనను ఎవరి ఊరి బాణీలో వాళ్లు ఎత్తుకునేవారు. పల్లవి దగ్గరే పేచీ. 1964లో రాజమండ్రిలో వివిధ సంఘాలు కలిసి పెట్టుకున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1970ల్లో లోయర్ ట్యాంక్‌బండ్‌కు తరలివచ్చింది. అన్ని శాఖల విద్యార్థులూ ఒకే చాపెల్‌లో గొంతు కలిపి, ఆ తర్వాత పాస్టర్లయి తలో ఊరికీ పోయారు. బాణీల తగువు చాలామటుకు సర్దుకున్నది అలాగే.

అసలు చిక్కు క్వాయర్ గదిలో ఉంది. కీర్తన ఒక్క వరుసగా సాగే పాట. దానికి సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు వరుసలు వేయాలి. రాగం శంకరాభరణమైతే ఏ బాధా లేదు. అవి పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలే కనుక హార్మనీ చక్కగా అతుకుతుంది. ఆనందభైరవి వచ్చిందా, క్వాయర్ మాస్టరుకు చెమటలే. రాగం ఉండేది గమకంలో. ముప్పైమంది నాలుగు వరుసల్లో గమకం పలికిస్తే తలో చోట తేలతారు; గమకం తీసేస్తే ఆనందభైరవి ఉండదు. తెలివైన మాస్టరు అలాంటి పాటను అందరిచేతా ఒకే వరుసలో పాడించి, చివరి చరణంలో మాత్రం బేస్ గొంతులను కింద శ్రుతిలా నిలిపేస్తాడు. ఆ చోట వెనక వరుసలో నిలబడ్డవాళ్లకు తమ గొంతు ఎక్కడ ఆగిందో, పక్కవాడిది ఎక్కడ మొదలైందో తెలియదు. క్వాయర్‌లో చేరినవాళ్లు ఏళ్ల తరబడి వదలకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

విచిత్రమేమంటే ఈ చుట్టుపట్ల అన్నిటికన్నా పెద్ద బృందగానానికి క్వాయరే లేదు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త సింగ్ 1950 ప్రాంతంలో గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ‘హెబ్రోను’ అనే ఆరాధనా స్థలాన్ని నెలకొల్పారు. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని, సభంతా పాడటమే అక్కడి పద్ధతి. పాడేవాళ్లు వేరు, వినేవాళ్లు వేరు అన్న గీత అక్కడ లేదు. 2000 సెప్టెంబరు 17న ఆయన కన్నుమూశాక వేలాదిమంది తరలివచ్చి నారాయణగూడ సమాధుల తోటకు సాగనంపారు.

నల్లజాతి అమెరికన్ల గాస్పెల్ మనదాకా రావడానికి చాలా కాలమే పట్టింది. థామస్ డోర్సీ 1930ల్లో షికాగోలో ఆ క్వాయర్లకు రూపు కట్టాడు. ఇక్కడికి క్యాసెట్లు, సినిమాలు మోసుకొచ్చాయి. మనవాళ్లకు అందులో గొంతు కష్టం కాదు, చప్పట్లు కష్టం. వాళ్లు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చరుస్తారు. తాళమంటే సమం మీద తట్టడమని చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన తెలుగువాడి చెయ్యి పాట సగానికి వచ్చేసరికి ఒకటో దెబ్బకే జారిపోతుంది.

కీబోర్డు వచ్చాక ఇంకో నష్టం జరిగింది. ఆది తాళానికి దొరికినంత సుళువుగా ఏడు మాత్రల త్రిపుటకు రెడీమేడ్ బీటు దొరకదు. దాంతో చాలా త్రిపుట కీర్తనలను ఎనిమిదికి సాగదీసి పాడేస్తున్నారు, లేదా మానేశారు. నలుగురి చేతుల్లో మైకులుండే ‘వర్షిప్ టీమ్’ రోజుల్లో ముప్పైమంది వారానికోసారి ప్రాక్టీసుకు రావడమే గగనం.

అయినా నవంబరు వస్తే క్వాయర్ మళ్లీ నిండుతుంది. టెనర్లకు ఏ చర్చిలోనైనా ఎప్పుడూ కరువే. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల కోసం హాస్టళ్లలో దిగిన జిల్లాల కుర్రాళ్లు ఆ కొరత తీరుస్తారు. పొద్దంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో పాలిటీ, ఎకానమీ బట్టీపట్టి, రాత్రి క్యారల్స్ వ్యాన్ ఎక్కి ఇంటింటికీ తిరిగి పాడి, కేకు తిని టీ తాగి వస్తారు. ఊళ్లో హార్మోనియం మీద నేర్చుకున్న కీర్తనలు వాళ్లకు పుస్తకం చూడకుండానే వచ్చు, త్రిపుటలో ఉన్నవి కూడా. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే మాత్రం ఈస్టర్‌కు మాస్టరు మళ్లీ టెనర్ల వేటలో పడాల్సిందే.