జమానతు దొరకని మనుషులు

కుమ్రం భీము కథ మనందరికీ తెలుసు. సుర్దాపూర్‌లో పంట కాడ జరిగిన గొడవలో సిద్దిఖీ చనిపోయాక భీము కచేరీకి పోలేదని, చాందా వైపు వెళ్లిపోయాడని పెద్దలు చెప్తారు. నిజాం కచేరీలో నడిచింది ఉర్దూ. మనవాళ్లది గోండి. మాటే తెలియని చోట న్యాయం దొరుకుతుందని ఎట్లా నమ్మాలి? 1940లో జోడేఘాట్‌లో ఆయన అమరుడయ్యాడు. ఆ ప్రశ్న మాత్రం మిగిలింది.

1978లో కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. వాళ్లకు స్తూపం ఉంది. జమానతు లేక జైళ్లలో ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఏ స్తూపమూ లేదు.

ఆ రోజుల్లోనే సుప్రీంకోర్టు మంచి దారి చూపింది. 1977లో మన ఉమ్మడి రాష్ట్రం నుంచి పోయిన గుడికంటి నరసింహులు కేసులో, బెయిలు అనేది మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయమని జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. మరుసటి ఏడు మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు వచ్చింది. మెజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగాడు. తోడబుట్టినవాడు పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడిచిపెట్టమన్నది.

ఈ తీర్పు మనకు దగ్గరిది. మన చుట్టాలు చాలామంది పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో ఉన్నారు. ఇవతల ఉన్నవాళ్లలో పోడు చేసుకునేవాళ్లకు పట్టా ఉండదు. పట్టా పాసుపుస్తకం లేనివాడి పూచీని ఎవరు ఒప్పుకుంటారు?

2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా తీర్పు రానివాళ్లే. ఆ ఏడు నవంబర్ 26న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము న్యాయమూర్తుల ముందే ఇట్లాంటి పేద ఖైదీల గురించి మాట్లాడారు. సంతాల్ బిడ్డ ఆమె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. రెండు, 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలోని 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

భీము కాలంలో మనకు చదివి చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు మీరున్నారు. గూడెంలో ఎవరి కొడుకైనా లోపల ఉంటే, ఎన్ని రోజులైందో లెక్క పెట్టండి.