సారా మానిన నాన్న, మాట్లాడని కొడుకు

మన సారా ఉద్యమం సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది ఎత్తేశారు.

ఈ చరిత్ర చెప్పుకునేటప్పుడు అమ్మల మాట వస్తుంది, ప్రభుత్వాల మాట వస్తుంది. ఆ ఇళ్లలో హైస్కూలుకెళ్లే పిల్లల మాట మాత్రం రాదు. కొట్టు మూస్తే సారా ఆగుద్ది. మరి నాన్న చెప్పుల చప్పుడికే దుప్పటి కప్పుకున్న పిల్లోడు మళ్లీ దగ్గరికొస్తాడా?

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో తాగుడు మానినవాళ్లకు మనకంటే ముందే ఎదురైంది. ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో బాబ్ స్మిత్ అని ఆపరేషన్లు చేసే డాక్టరు ఉండేవాడు. ఎన్నో ఏళ్లుగా తాగుడు, పైన అప్పులు. ఇంట్లో ఈడొచ్చిన కొడుకు, కూతురు. 1935లో బిల్ విల్సన్ అనే మనిషి ఆయన్ని కలిశాడు. ఆయనా తాగుబోతే, కొన్ని నెలల ముందే మానాడు. ఆ ఏడాది జూన్ 10న స్మిత్ ఆఖరి చుక్క తాగాడు. ఆ రోజే ఊళ్లో తిరిగి అప్పులవాళ్లని కలిసి తన తప్పు ఒప్పుకున్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అలాగే.

1939లో వాళ్లు ఒక పుస్తకం వేశారు. తాగుడు మానాక కుటుంబం ఎలా ఉంటుందో చెప్పడానికే అందులో ఒక అధ్యాయం ఉంది. పిల్లలు పైకి అనకపోయినా లోపల తండ్రిని అసహ్యించుకోవచ్చు, వాళ్లని తొందరపెట్టొద్దు అని దాని సారాంశం. నాన్న నిజంగా మారాడని నమ్మకం కుదిరాక, వాళ్లే వాళ్ల పద్ధతిలో ఆ మాట చెప్తారట.

1951లో విల్సన్ భార్య లోయిస్ ఇంకొకామెతో కలిసి తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ పెట్టింది. 1957లో కాలిఫోర్నియాలో అలాంటి ఇంటి కుర్రాడొకడు తన ఈడు పిల్లల కోసం అలటీన్ మొదలుపెట్టాడు. నాన్న తాగడం మీ వల్ల కాదు, దాన్ని ఆపే బాధ్యతా మీది కాదు అనే మాట అక్కడ పిల్లలకి దొరికింది. ఆ ఒక్క మాట కోసం ఎంతమంది పిల్లలు ఎదురు చూస్తుంటారో!

చౌడు నేల సంగతి మనకి తెలిసిందే. జిప్సం వేసి, నీళ్లు పెట్టి ఉప్పు కడిగి, జీలుగ చల్లి కలియదున్నుతాం. మొదటి ఏడే నిండు పంట రాలేదని పొలాన్ని తిట్టం కదండీ. పిల్లోడి మనసూ అంతే. "నేను మానేశాగా, ఇంకా ఎందుకు మాట్లాడవు?" అని గద్దిస్తే వాడు ఇంకో అడుగు వెనక్కేస్తాడు.

మానేసిన నాన్న చెయ్యాల్సినవి చిన్న పనులే. చెప్పిన టైముకి ఇంటికి రావాలి. ఫీజు కడతానన్న రోజున కట్టాలి. పాత సంగతి పిల్లోడు ఎత్తితే నోరు మూసుకుని వినాలి. ఇవి నెలల తరబడి జరగాలి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు మన హైదరాబాదులోనూ జరుగుతాయి, ఫీజు ఉండదు. మీకు తెలిసిన ఇంట్లో అవసరం ఉంటే ఈ మాట చెప్పండి. ఆ నాన్నతోపాటు ఆ పిల్లోడినీ ఒకసారి పలకరించండి.