పటాన్‌చెరు–సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతం: భూమి, నీరు, నడిచే దారి

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వరకు 65వ నంబరు జాతీయ రహదారి వెంట పెరిగిన పారిశ్రామిక ప్రాంతానికి ఉపాధి, జనాభా, భూమి విలువ సమకూరినా, ఇల్లు, బడి, అంగడి, ఆసుపత్రి, బస్సు ఒకదానికొకటి కాలినడక దూరంలో ఉండి, పిల్లలూ వృద్ధులూ భయం లేకుండా తిరగగలిగే పట్టణ కేంద్రం మాత్రం సమకూరలేదు. భూవినియోగం విషయంలో, అంటే ఏ నేలను ఏ అవసరానికి కేటాయించాలన్న విషయంలో, అరవై ఏళ్లుగా జరిగిన నిర్ణయాల వరుసను పరిశీలిస్తే ఈ లోటుకు కారణాలు కనిపిస్తాయి. ఆ వరుసలో నడకదారి, చెరువు రెండూ ఒకే విధంగా చివరికి నెట్టబడ్డాయి.

పటాన్‌చెరును కల్యాణి చాళుక్యుల కాలపు రాజధాని పొట్లకెరెగా చరిత్రకారులు గుర్తించారు. ఈ ఎత్తుపల్లాల మెట్టనేల మీద ఊళ్లు వెలసింది గొలుసుకట్టు చెరువులను ఆనుకుని. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు వాగు ద్వారా కింది చెరువుకు చేరుతుంది. వేసవిలో నీరు తగ్గాక బయటపడే శిఖం భూమి పశువుల మేతకూ తాత్కాలిక సాగుకూ పనికివస్తుంది. పటాన్‌చెరు సాకి చెరువు, అమీన్‌పూర్ చెరువు, సంగారెడ్డి మహబూబ్ సాగర్ ఇటువంటివే. సంగారెడ్డికి ఒక అదృష్టం ఉంది: జాతీయ రహదారి పాత ఊరి మధ్య నుంచి కాక పోతిరెడ్డిపల్లి చౌరస్తా మీదుగా పక్కగా సాగిపోవడం వల్ల, పాత బజారు వీధులు వేగంగా పోయే లారీల బారిన పడలేదు. పటాన్‌చెరుకు ఆ అదృష్టం దక్కలేదు. అక్కడ రహదారే బజారు.

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో పట్టణ ప్రణాళికా శాస్త్ర చరిత్ర చెబుతుంది. ఇంగ్లండులో ఎబినేజర్ హోవర్డ్ 1898లో, పొలాలు చుట్టూ ఉండి, పని, నివాసం ఒకేచోట దొరికే ‘ఉద్యాన నగరం’ భావనను ప్రతిపాదించాడు. అమెరికాలో క్లారెన్స్ పెరీ 1929లో ‘పరిసర వాడ’ సూత్రాన్ని రూపొందించాడు. వాడకు నడుమ ప్రాథమిక పాఠశాల ఉండాలనీ, ఏ ఇల్లూ దానికి పావు మైలు మించి దూరం కాకూడదనీ, పెద్ద రహదారులు వాడ అంచున మాత్రమే సాగాలనీ దాని సారాంశం. హైదరాబాద్ రాజ్యంలో 1908 మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, పత్తర్‌గట్టి వంటి చోట్ల దుకాణాల ముందు రాతి కమానుల నీడలో నడిచే వీలు కల్పించింది గాని, దాని పని రాజధాని నగరానికే పరిమితమైంది.

1960ల తొలి అర్ధభాగంలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం స్థాపితమైనప్పుడు, దానితో పాటే ఉద్యోగుల కాలనీ, బడులు, ఆసుపత్రి, ఆటస్థలాలు, చెట్ల వరుసలు ప్రణాళికలో చేరాయి. ఈ ప్రాంతంలో పనినీ నివాసాన్నీ కలిపి ఆలోచించిన తొలి ఆధునిక ప్రయత్నం ఇదే. ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగులకే పరిమితం కావడం దాని లోపమైనా, కర్మాగారం పక్కనే నివాసయోగ్యమైన వాడ సాధ్యమని అది నిరూపించింది. 1972లో ఇక్రిశాట్, అంటే మెట్టప్రాంత పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో దాదాపు 1,400 హెక్టార్లలో ఏర్పడింది. ఆ విశాల క్షేత్రం, చుట్టూ నగరం కమ్ముకొచ్చిన తరువాత కూడా, నీటిని ఇంకించుకునే నేలగా మిగిలింది.

ఆ తరువాత వచ్చిన పారిశ్రామికవాడలు ఈ దారిలో నడవలేదు. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ 1970ల నుంచి పటాన్‌చెరులోను, ఆ తరువాత బొల్లారం, పాశమైలారం తదితర చోట్లా ప్లాట్లు వేసి పరిశ్రమలకు కేటాయించింది. అప్పట్లో ఈ ప్రాంతం ఉన్న మెదక్ వెనుకబడిన జిల్లా కావడంతో రాయితీలు లభించాయి. హైదరాబాద్ చేరువలో ఉండడంతో రసాయన, ఔషధ పరిశ్రమలు గుమిగూడాయి. రోడ్డు, కరెంటు, ప్లాటు అనే మూడింటితోనే పారిశ్రామికవాడ పూర్తయినట్లు భావించారు. కార్మికుడి ఇల్లు, అతడి పిల్లల బడి ఆ పటంలో లేవు. వ్యర్థజలం ఎటు పోవాలో కూడా లేదు.

ఆ నీరు నేల వాలును అనుసరించి పాత గొలుసుకట్టు దారినే పట్టింది. ఇసకవాగు, పాములవాగు, నక్కవాగు రసాయనాలను మోసుకుని మంజీర వైపు సాగాయి. ఖాజీపల్లి, ఆసానికుంట, ఇస్నాపూర్ వంటి చెరువులు కలుషితమయ్యాయి. 1990లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు రైతులకు పరిహారం, బాధిత గ్రామాలకు తాగునీరు ఇవ్వాలని ఆదేశించింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ కాలుష్యంపై దశాబ్దాలు పోరాడిన డాక్టర్ ఎ. కిషన్‌రావు కృషి ఇక్కడ ప్రత్యేకంగా స్మరించదగినది. 1990లలో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం, అంటే అనేక పరిశ్రమల మురుగును ఒకేచోట శుభ్రపరిచే వ్యవస్థ, పని ప్రారంభించింది. అయినా ఆ కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన లోకాన్ని నివ్వెరపరచింది. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ చర్చ జరిగినా నేటికీ పటాన్‌చెరు పేరు ప్రస్తావనకు వస్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని దేశంలోని 43 తీవ్ర కలుషిత ప్రాంతాల్లో చేర్చింది. శుద్ధిచేసిన నీటిని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపేందుకు దాదాపు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేయడంతో నక్కవాగుపై భారం కొంత తగ్గింది గాని, మట్టిలోనూ భూగర్భజలంలోనూ నిలిచిన విషం గొట్టం వేసినంత మాత్రాన తొలగిపోయేది కాదు.

ప్రణాళికలో చోటు దొరకని కార్మికులు తమంతట తామే చోటు వెతుక్కున్నారు. ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం వంటి రహదారి పక్క ఊళ్లలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వారు అద్దె గదుల్లో ఉంటూ షిఫ్టులకు వెళతారు. వారిలో అనేకులకు నడక అభిరుచి కాదు, తప్పనిసరి అవసరం. అయినప్పటికీ రోడ్డు దాటే మార్గాల విషయంలో వారి సౌకర్యం ఎన్నడూ కొలమానం కాలేదు. పారిశ్రామికవాడలో పన్నులు వసూలు చేసి వసతులు చూసే బాధ్యత పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థకు, దాని గోడ అవతలి ఊరు పంచాయతీకి లేదా పురపాలక సంఘానికి చెందడంతో, రెంటి నడుమ నడకదారి ఎవరి పనీ కాకుండా పోయింది. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం హైదరాబాద్ మహానగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిశాయి; 2008లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఏర్పడింది; 2016లో సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది. సరిహద్దులు మారాయి గాని ఈ బాధ్యత చీలిక మారలేదు.

నివాసాల విస్తరణలోనూ చెరువే ముందుగా నష్టపోయింది. పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణం గల చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలని 2012 భవన నిర్మాణ నియమాలు చెబుతున్నా, అనేక చోట్ల ఆ హద్దులు నేలపై గుర్తించే లోపే లేఔట్లు వెలిశాయి. కుతుబ్‌షాహీల కాలపు అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటితమై, దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి పట్టణ జలాశయమైంది. అంతటి గౌరవం దక్కిన ప్రాంతంలోనే ఆక్రమణల వివాదాలు తెగకపోవడం, ప్రకటనకూ పరిరక్షణకూ మధ్య దూరాన్ని తెలుపుతుంది.

ఇప్పుడు ఈ ప్రాంతం మరో మలుపులో ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఇదే జిల్లాలోని జహీరాబాద్ ఒకటి. నివాసం నుంచి పనికి నడిచి వెళ్లగల ఏర్పాటు ఆ నగరాల ప్రకటిత లక్షణం. మియాపూర్–పటాన్‌చెరు మధ్య 13.4 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదనలో ఉంది. మదీనాగూడ నుంచి సంగారెడ్డి చౌరస్తా వరకు రహదారిని ఆరు వరుసలకు పెంచే పనికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. వెడల్పయ్యే ఈ రహదారికి ఇరువైపులా నడకబాట, తగినన్ని దాటుమార్గాలు లేకపోతే పటాన్‌చెరు మునుపటికన్నా గట్టిగా రెండు ముక్కలవుతుంది. బాహ్యవలయ రహదారి లోపలి పారిశ్రామిక భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చే విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది.

కర్మాగారాల మధ్య ఇళ్లు కట్టడం మాత్రమే నడకకు అనువైన పట్టణమనుకోవడం ప్రమాదకరం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రమాదకర రసాయనాలు వాడే పరిశ్రమకూ నివాసానికీ మధ్య ఎడం తప్పనిసరి; హాని లేని యంత్ర, ఎలక్ట్రానిక్, వస్త్ర పరిశ్రమలకు ఆ ఎడం అక్కర్లేదు. పరిశ్రమ స్వభావాన్ని బట్టి దూరాన్ని నిర్ణయించే ఈ వివేచనే ఇన్నాళ్ల ప్రణాళికల్లో కొరవడింది. కాబట్టి పారిశ్రామిక భూమిని నివాసానికి మార్చే ముందు అక్కడి మట్టినీ భూగర్భజలాన్నీ పరీక్షించి ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి. చెరువుల హద్దులు, వాగుల దారులు గుర్తించి వాటి గట్లనే నీడగల నడకబాటలుగా తీర్చాలి. మెట్రో స్టేషన్ల స్థలాలు ఖరారయ్యే లోపే హెచ్‌ఎండీఏ, తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ, స్థానిక సంస్థలు కలిసి ఒకే పటం సిద్ధం చేయాలి. ఆ పటంలో మొదట గీయవలసినవి వాగులు, ఆ తరువాత కార్మికుల ఇళ్ల నుంచి పనిచోటికి, బడికి, బస్సుకు వెళ్లే దారులు. అమ్మకానికి పెట్టే ప్లాట్లు వాటి తరువాతే రావాలి.