సిగ్నల్ 11

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్, ఆ దశాబ్దం చివరికి పత్రికలతో వచ్చే సీడీల్లో మన ఊళ్లకూ చేరింది. అప్పుడు నేనొక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. పాత 486 మీద కెర్నల్ కంపైల్ చేస్తుంటే, జీసీసీ మధ్యలోనే ‘సిగ్నల్ 11’ అంటూ ఆగిపోయేది. ప్రోగ్రాం తనకు చెందని మెమరీని ముట్టుకుందని దానర్థం.

“డాస్ బాగానే నడుస్తోంది కదా, ఈ ఉచిత సరుకు తీసేయండి” అన్నారు పైవారు.

అయితే మళ్లీ నడిపిన ప్రతిసారీ అది వేరే ఫైలు దగ్గర ఆగేది. ప్రోగ్రాంలోనే తప్పుంటే ఒకేచోట ఆగాలి. డాస్ మెమరీలో కొంతే వాడేది; లైనక్స్ మిగిలినదాన్నీ డిస్కు క్యాష్‌గా వాడుకునేది. పారిటీ లేని చవక ర్యామ్‌లో ఒక బిట్ మారితే చెప్పేవారే లేరు.

బయాస్‌లో క్యాష్ ఆపి చూశాను, మార్పు లేదు. రెండు ర్యామ్ స్టిక్కులనూ విడివిడిగా పెట్టి నడిపాను. ఒకదానితో రాత్రంతా సాఫీగా సాగింది, రెండోదానితో కాసేపటికే ఆగింది. దాన్ని మార్చాం, లైనక్స్ నిలిచింది.

ఒకసారికి ఒక్కటే మార్చి చూడమని మన సైన్సు మాస్టార్లు ల్యాబులో చెప్పిన మాటే అక్కడ అక్కరకొచ్చింది.