జనగామ ఏ జిల్లా?

'జిల్లా' మన మాట కాదు. అరబ్బీలో దానికి పక్కటెముక అని, పార్శ్వమని అర్థం. మా ఓరుగల్లు ప్రాంతంలో ఈ ఎముకను అతికించటం, విరవటం చాలాసార్లు జరిగింది.

పాల్కురికి సోమనాథుని పాలకుర్తి ఏ జిల్లా అంటే చెప్పేవారి వయసును బట్టి జవాబు మారుతుంది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఖమ్మం జిల్లా ఏర్పడిన 1953లో దానిని వరంగల్లులో చేర్చారు. 2016 నుండి జనగామయే జిల్లా.

ఈ గీతను మార్చే అధికారం ఎవరిది? అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కౌంటీ హద్దు మారాలంటే, ఆ మార్పు తాకే ప్రతి కౌంటీలోనూ వోటర్లలో అధికసంఖ్యాకులు ఔననాలి. అది వారి రాజ్యాంగ నియమం. మనకున్నది 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం. ప్రభుత్వం ముసాయిదాను గెజిట్టులో ప్రకటిస్తుంది, ప్రజల అభ్యంతరాలను, సూచనలను స్వీకరిస్తుంది, పిదప తుది నిర్ణయం తానే చేస్తుంది. అనగా మనకు విన్నపముంది, వోటు లేదు. ఎన్ని విన్నపాలు అటు, ఎన్ని ఇటు అని లెక్కించి కట్టుబడవలసిన పనీ లేదు.

2016 ఆగస్టు 22 నాటి ముసాయిదాలో 17 కొత్త జిల్లాలున్నాయి. మహబూబాబాదు (మనవారి నోట మానుకోట) ఉంది, భూపాలపల్లి కేంద్రంగా ఆచార్య జయశంకర్ జిల్లా ఉంది. జనగామ లేదు! పైగా యాదాద్రిలో కలుపుతారన్న ప్రతిపాదన. బందులు, దీక్షలు, నిషేధాజ్ఞలతో పట్టణం అట్టుడికింది. చివరకు అక్టోబరులో కె. కేశవరావు అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసి జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాదుల కోరికను పరిశీలింపజేశారు. అక్టోబరు 11, విజయదశమి నాడు నాలుగూ జిల్లాలైనాయి. రాష్ట్రంలో మొత్తం 31. ఇందులో కాగితం చేసిన పనెంత, వీథి చేసిన పనెంత? నా త్రాసు వీథివైపే మొగ్గుతుంది.

అయితే ఒక చమత్కారం చూడండి. 'మమ్ము యాదాద్రిలో కలపవద్దు' అని జనగామ పోరాడింది కదా, ఆ జనగామ జిల్లాలో చేర్చిన నల్లగొండ వైపు గుండాల మండలం 'మమ్ము యాదాద్రికే పంపండి' అని మొరపెట్టుకొన్నది! తరువాత వారి మాటా నెగ్గింది.

ములుగు కథ వేరు. దానిని భూపాలపల్లిలో కలపటం అక్కడివారికి రుచించలేదు. 2018 ఎన్నికల ప్రచారంలో ప్రత్యేక జిల్లా హామీ వెలువడింది. ములుగు వోటర్లు హామీ ఇచ్చిన పక్షపు అభ్యర్థిని ఓడించి సీతక్కను గెలిపించారు. అయినా 2019 ఫిబ్రవరి 17న జిల్లా వచ్చింది, నారాయణపేటతో కలిసి సంఖ్య 33 అయింది. వోటు వేసింది ఒకందుకు, ఫలితం దక్కింది మరొకందుకు!

ఈ మార్పులన్నిటిలో నాకు అబ్బురమనిపించేది గోదావరి ఆవలి వెంకటాపురం. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఆపై ఖమ్మం, 2016లో భూపాలపల్లి, 2019లో ములుగు. అక్కడి ఎనుబదేండ్ల వృద్ధుడు ఇల్లు మారకుండానే నాలుగు జిల్లాలలో కాపురమున్నాడు.