విజిల్ తరువాత చెయ్యి

ప్రత్యేక సంచికకు పాతకాలపు సంగతి ఏదైనా వ్రాసి పంపమని మన సంఘ మిత్రులు కోరారు. కరువుభత్యం, కమ్యుటేషన్ లెక్కలు వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా భద్రాచలం ఏజెన్సీ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి. పిల్లలకు డ్రిల్లు మాస్టారిని. నాకు తెలిసినవి విజిల్, బంతి, సున్నం గీతలు. అందుచేత బాస్కెట్‌బాల్ రిఫరీ చేతులతో చూపే సంజ్ఞల గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ ఆట 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. అక్కడి వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో పనిచేసే జేమ్స్ నైస్మిత్, చలికాలంలో కుర్రవాళ్ళు లోపలే ఆడుకునేందుకు వ్యాయామశాల బాల్కనీకి రెండు పండ్ల బుట్టలు కట్టించి, పదమూడు నియమాలు వ్రాశాడు. మొదటి ఆటలో జట్టుకు తొమ్మిదిమంది, పడిన గోలు ఒక్కటే. ఆ నియమాల ప్రకారం అంపైర్ మనుషులను చూడాలి, రిఫరీ బంతిని చూడాలి. రెండో ఫౌల్ చేసినవాడు మళ్ళీ గోలు పడేదాకా బయట కూర్చోవాలి. కాని చెయ్యి ఎట్లా చూపాలో ఆ పదమూడింటిలో ఎక్కడా లేదు. ఆట ఎందుకు ఆపాడో అందరికీ తెలిసేట్లు చెప్పాలని కూడా లేదు. పద్దెనిమిదిమంది ఒక గదిలో ఆడుకుంటున్నప్పుడు నోటిమాటే సరిపోయి ఉంటుంది.

ఆట దేశాలు దాటిన తరువాత నోటిమాట చాలదు. 1932లో జెనీవాలో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దొరికింది. ఆ ఫైనలు ఆరుబయట మట్టి కోర్టులో, వానలో జరిగింది. బురదలో బంతి లేవక అమెరికా 19, కెనడా 8 మాత్రమే చేయగలిగాయి. తొలకరిలో మన పాఠశాలల కోర్టులు చూసినవారికి ఆ సంగతి నేను వేరే వివరించనక్కరలేదు. ఒక దేశపు రిఫరీ మరి రెండు దేశాల ఆటగాళ్ళకు తీర్పు చెప్పవలసి వచ్చినచోట అందరికీ తెలిసిన భాష చేతులే. నేటి నియమావళిలో కూడా సంజ్ఞలన్నీ బొమ్మలు వేసి చూపిస్తారు.

మన దేశానికి ఈ ఆటను తెచ్చినదీ వై.ఎం.సి.ఎ. వారే. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో స్థాపించిన వ్యాయామ కళాశాల ఎందరో ఉపాధ్యాయులను తయారుచేసింది. పురుషుల జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో మొదలయ్యాయి. మన జట్టు 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఆడింది. నేను హైదరాబాదు దోమలగూడలో శిక్షణ పొందినప్పుడు మా గురువుగారు సంజ్ఞలను అద్దం ముందు నిలబెట్టి నేర్పించారు. "విజిల్ ఆజ్ఞ, చెయ్యి సంజాయిషీ" అనేవారు. ఆ సంజాయిషీ విలువ నాకు ఏజెన్సీకి వచ్చాకనే పూర్తిగా తెలిసింది.

విజిల్ ఊదగానే రిఫరీ చెయ్యి నిటారుగా లేస్తుంది. పిడికిలి బిగిస్తే ఫౌల్, అంటే ఒక మనిషి మరో మనిషి పట్ల చేసిన తప్పు. అరచెయ్యి తెరిచి ఉంటే ఆట నియమం మాత్రమే తప్పింది. ఏదైనా సరే, ఎత్తిన చెయ్యి చూసి బల్ల దగ్గరివాడు గడియారం ఆపుతాడు. చెయ్యి కిందికి కొట్టగానే మళ్ళీ నడిపిస్తాడు. సింగరేణిలో చేసిన మిత్రులకు ఇది కొత్త కాదు. కదిలే హాలేజికి గంట ఒక్క దెబ్బ కొడితే ఆగమనే గదా! అక్కడ ప్రాణం, ఇక్కడ రెండు పాయింట్లు, అంతే తేడా.

ఫౌల్ అయితే రిఫరీ బల్ల దగ్గరకు వెళ్ళి మూడు సంగతులు వరుసగా చూపాలి. ఎవరు, ఏమి చేశారు, దానికి ఫలితమేమిటి. ముందు ఆటగాడి నంబరు. తరువాత తప్పు. మణికట్టు మీద కొడితే చేతి మీద కొట్టాడని, మణికట్టు పట్టుకుంటే పట్టి ఆపాడని, పిడికిలితో అరచేతిలో గుద్దితే మీద పడ్డాడని, రెండు చేతులూ నడుముకు పెడితే దారికి అడ్డం నిలిచాడని. ఈ చివరిది చూసి మా పిల్లలు పడీపడీ నవ్వేవారు, కొళాయి దగ్గర తగువులా ఉందట. రెండు పిడికిళ్ళూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే బంతితో అడుగులు ఎక్కువ వేశాడని అర్థం. దానికి వారు పెట్టుకున్న పేరు రాట్నం.

మా ఆశ్రమ పాఠశాలలో చాలామంది కోయ పిల్లలు. కొందరికి తెలుగు అంతంతమాత్రం. కొత్తగూడెం, పాల్వంచ కాలనీల కుర్రవాళ్ళు వస్తే వారిలో ఉర్దూ, హిందీ మాట్లాడేవారు ఉండేవారు. ఒక పోటీలో స్కోరు సమానంగా ఉండగా మా పాఠశాల కుర్రవాడికి అయిదో ఫౌల్ పడింది. అయిదు పడితే బయటకు వెళ్ళాలి. రిఫరీని నేనే. మా పిల్లవాడని చూడలేదు. కుర్రవాడు కదలలేదు, చుట్టూ కేకలు. నేను మాట్లాడకుండా ఒక చేతి పిడికిలి, రెండో చేతి రెండు వేళ్ళు, అంటే 12 చూపించాను. మణికట్టు మీద కొట్టి చూపించాను. అయిదు వేళ్ళు చూపించాను. వాడు తన బనీను మీది అంకె చూసుకొని, తల వంచుకొని వెళ్ళిపోయాడు. గీత బయట నిలబడ్డ అతని తాత, "మావోడు ఏం జేసిండు సారూ?" అన్నాడు. మళ్ళీ మణికట్టు మీద కొట్టి చూపాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "గట్లనా" అని పక్కవాళ్ళకు కోయలో చెప్పాడు. కేకలు ఆగాయి. ఆ ఆట మేము ఓడిపోయాము. కాని అడవిలోని ఆ ఊళ్ళనుంచి తరువాత కూడా పిల్లలను పంపారు, ఆడపిల్లలను కూడా. అప్పటికే చాలా కార్యాలయాల్లో వారికి కారణం చెప్పేవారు తక్కువ. ఆటలోనైనా చెప్పారన్నది వారికి పెద్ద సంగతి అని నా నమ్మకం.

నంబర్ల సంగతి మరొకటి. మా పిల్లలు 1 నంబరు బనీను కావాలని కొట్లాడేవారు. అది ఉండేది కాదు. అంతర్జాతీయ పోటీల్లో పన్నెండుమందికి 4 నుంచి 15 వరకే నంబర్లు. ఒకటి, రెండు, మూడు వేళ్ళు పాయింట్లకు, ఫ్రీ త్రోలకు, మూడు సెకన్ల నియమానికి పోతాయి గనుక. అమెరికా కాలేజీల్లో ఇంకా చిత్రం. చేతికి అయిదే వేళ్ళు గనుక 6, 7, 8, 9 అంకెలున్న బనీన్లే నిషేధం. 2023లో గాని ఆ నిషేధం పోలేదు. అంతర్జాతీయ నియమం 2014లో మారి, 0 నుంచి 99 దాకా అనుమతించారు. అదే ఏడాది మా సరిహద్దు మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. నేను పనిచేసిన ఊళ్ళు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి.

టీవీలో ఆట చూసే పాతవారికి కొన్ని మార్పులు చెప్పాలి. ఇరవై నిమిషాల రెండు భాగాలు పోయి, 2000 నుంచి పది నిమిషాల నాలుగు భాగాలు వచ్చాయి. బంతిని సగం గీత దాటించడానికి పది సెకన్లు ఉండేది ఎనిమిదయింది, కనుక రిఫరీ పది వేళ్ళు కాక ఎనిమిది చూపుతాడు. రెండు బొటనవేళ్ళు పైకెత్తితే ఇంకా జంప్ బాలే. కాని 2003 నుంచి ఆట మొదట్లో తప్ప బంతి ఎగరేయరు, బల్ల మీది బాణం ఎటు చూపితే అటు బంతి ఇస్తారు. వీడియో చూడాలంటే చూపుడు వేలు గుండ్రంగా తిప్పుతాడు.

ఇక 62 నంబరు ఎట్లా చూపాలని మీ మనుమలు అడగవచ్చు. ముందు చేతుల వెనుక వైపు కనిపించేట్లు ఆరు వేళ్ళు, తరువాత అరచెయ్యి వైపు తిప్పి రెండు.