ఆవిరి మనిషి వారసులు

ఆవిరియంత్రాల యుగం ముగిసిపోకుండా మరో దారిన సాగి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించి చెప్పే కథను స్టీమ్‌పంక్ అంటారు. ఇత్తడి పళ్లచక్రాలు, బొగ్గు పొగ, గాలి ఓడలు, వాటిని సొంత చేతులతో బిగించి నడిపే పదహారేళ్ల పిల్లో పిల్లవాడో ఉంటేనే ఆ కథకు అందం. ఇంగ్లిషులో ఇవాళ ఇలాంటి సాహసగాథలు వరస పుస్తకాలుగా వస్తున్నాయి. వాటిలో ఎన్నో ప్రచురణ సంస్థల గడప తొక్కకుండా రచయితలే వేసుకుంటున్నవి. ఇది ఈ-పుస్తకాలతో మొదలైన అలవాటని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే కుర్రకారు కోసం రాసిన యంత్రసాహస కథ, కుర్రకారు స్వయంగా అచ్చు వేసుకున్న పత్రిక, ఈ రెండూ ఒకే దశాబ్దంలో, ఒకే దేశంలో పెరగడం మొదలుపెట్టాయి.

1868 మార్చిలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం న్యూవార్క్ పట్నంలో జాడక్ డెడరిక్ అనే యువకుడు ఐజాక్ గ్రాస్‌తో కలిసి ఒక బండికి పేటెంటు పొందాడు. ఆ బండిని లాగేది ఆవిరితో నడిచే ఇనుప మనిషి. దాని ఎత్తు 7 అడుగుల 9 అంగుళాలు, బరువు 500 పౌన్లు. మొండెంలో బాయిలరు, నెత్తిన ఉన్న టోపీయే పొగగొట్టం. వ్యాపారంగా అది నిలవలేదు గాని, ఆ ఏడాది ఆగస్టులోనే కథలోకి నడిచి వచ్చింది. ఎడ్వర్డ్ ఎల్లిస్ రాసిన ‘ద స్టీమ్ మ్యాన్ ఆఫ్ ద ప్రెయిరీస్’ను బీడిల్ సంస్థ విడుదల చేసింది.

బీడిల్ వారి పుస్తకాల్ని డైమ్ నవలలు అనేవారు. డైమ్ అంటే పది సెంట్ల నాణెం, పుస్తకం వెల అదే. 1860లో మొదలైన ఈ వరస అంతర్యుద్ధ కాలంలో సైనికుల సంచుల్లోకి, ఆ తర్వాత కుర్రాళ్ల జేబుల్లోకి చేరింది. మన దగ్గర గుజిలీ ప్రతులకూ, తర్వాతి రోజుల్లో డిటెక్టివ్ నవలలకూ ఉన్న గిరాకీ గుర్తున్నవారికి ఆ పుస్తకాల జోరు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఆవిరితో తిరిగే అచ్చుయంత్రాలూ, ఊరూరికీ పుస్తకాలు మోసే రైళ్లూ లేకపోతే అంత చవక పుస్తకం అన్ని చేతుల్లో పడేది కాదు. ఆవిరి మనిషి కథను పాఠకుడి దాకా చేర్చింది కూడా ఆవిరే.

ఎల్లిస్ కథలో నాయకుడు జానీ బ్రెయినర్డ్ గూనితో, పొట్టి శరీరంతో పుట్టిన కుర్రాడు. తండ్రి లేడు, సెయింట్ లూయిస్‌లో తల్లితో ఉంటాడు. ఒంట్లో లేని సత్తువంతా వాడి వేళ్లలో ఉంది. పది అడుగుల ఆవిరి మనిషిని తయారుచేసి, దానికి బండి కట్టి, పశ్చిమ మైదానాల్లో బంగారం వెతికే వేటగాళ్లతో బయలుదేరతాడు. పెద్దవాళ్లకు తుపాకులు, గుర్రాలు, అనుభవం ఉన్నాయి. కాని దారి చూపేది ఆ కుర్రాడి యంత్రమే. బడి పిల్లల్ని ఆ కథ ఎందుకు పట్టేసిందో ఊహించడం కష్టం కాదు. బలహీనుడైన పిల్లవాడు తన పనితనంతో పెద్దల లోకంలో చోటు సంపాదించుకోవడం అన్న ఆ కథాబీజం 150 ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

దానితో పాటు ఒక పాపం కూడా వారసత్వంగా వచ్చింది. ఆ యంత్రం నడిచిన నేల అక్కడి ఆదివాసులది. కథలో వాళ్లు అడ్డంకులుగా, చంపదగ్గ శత్రువులుగా కనిపిస్తారు తప్ప మనుషులుగా కనిపించరు. తర్వాత వచ్చిన ఫ్రాంక్ రీడ్ అనే కుర్ర ఆవిష్కర్త కథల్లో ఈ ధోరణి ఇంకా ముదిరింది. వాటిని 1876లో హ్యారీ ఎంటన్ మొదలుపెట్టగా, ఫ్రాంక్ టౌసీ ప్రచురించాడు. కొన్నేళ్లకు కలం లూయిస్ సెనారెన్స్ చేతికి వచ్చింది. 1863లో బ్రూక్లిన్‌లో పుట్టిన సెనారెన్స్ ఆ పని చేపట్టేనాటికి పాఠకుల ఈడువాడే. కాని అట్టమీద అతని పేరుండేది కాదు. ‘నోనేమ్’ అని, అంటే పేరులేనివాడని వేసేవారు. ఆవిరి మనిషి, ఆవిరి గుర్రం పాతబడ్డాక విద్యుత్తుతో నడిచే బళ్లు, జలాంతర్గాములు, గాలి ఓడలు వచ్చాయి. 1892 నుంచి 1898 దాకా నడిచిన ‘ఫ్రాంక్ రీడ్ లైబ్రరీ’ వారపత్రిక 191 సంచికలు వెలువరించింది. ఒక్కొక్కటి అయిదు సెంట్లు. ఇలాంటి కుర్ర ఆవిష్కర్తల కథలకు విమర్శకుడు జాన్ క్లూట్ చాలాకాలం తర్వాత, ఎడిసన్ పేరు కలిపి, ఎడిసొనేడ్ అని పేరు పెట్టాడు.

ఫ్రాన్సులో జూల్ వెర్న్ ఇదే ఊహను మన దేశానికి తెచ్చాడు. 1880లో వచ్చిన ‘లా మైజోన్ ఆ వపర్’ నవలలో ఉక్కు ఏనుగు ఒకటి ఆవిరి కక్కుతూ, చక్రాల ఇళ్లను లాగుతూ కలకత్తా నుంచి ఉత్తర భారతమంతా తిరుగుతుంది. 1857 తిరుగుబాటు జ్ఞాపకం, నానా సాహెబ్ కోసం ఒక ఇంగ్లిషు అధికారి వెతుకులాట కథకు ఇరుసు. అదే వెర్న్ 1875లో పూర్తయిన ‘మిస్టీరియస్ ఐలండ్’లో, జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నీమో బుందేల్‌ఖండ్ యువరాజు డక్కర్ అని బయటపెట్టాడు. యంత్రం ఎవరి చేతిలో ఉంటే ఎవరికి భయం అన్న ప్రశ్నను అమెరికా చవక నవలలు అడగనే లేదు. నీమో కథలో మాత్రం అది ఉంది.

ఇక పిల్లల అచ్చు సంగతి. 1867లో బోస్టన్‌కు చెందిన బెంజమిన్ వుడ్స్ ‘నావెల్టీ’ అనే చిన్న అచ్చుయంత్రాన్ని అమ్మకానికి పెట్టాడు. వర్తకుల రసీదులు, చీటీల కోసమని తయారైన అలాంటి యంత్రాల్ని బడి పిల్లలు పట్టుకుపోయారు. అక్షరం అక్షరం పేర్చి, సిరా రాసి, చేత్తో ఒత్తి అరచేతి పత్రికలు తీశారు. కథలు, పద్యాలు, ఒకరి పత్రికను ఒకరు దుయ్యబట్టే సంపాదకీయాలు వాటినిండా ఉండేవి. తపాలాలో ఊరికీ ఊరికీ మార్చుకునేవారు. 1876 జులై 4న ఫిలడెల్ఫియాలో వీళ్లంతా కలిసి నేషనల్ అమెచూర్ ప్రెస్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అంటే ఫ్రాంక్ రీడ్ కథలు మొదలైన ఏడాదే సొంతంగా అచ్చు వేసుకునే కుర్రాళ్ల సంఘమూ ఏర్పడింది. యంత్రం తయారుచేసే కుర్రాడు కథలో ఉంటే, యంత్రం తిప్పే కుర్రాడు ఇంటి అటకమీద ఉన్నాడు.

ఆ ఊహాయంత్రాల్ని ఆడపిల్లల చేతుల్లో పెట్టిన తొలి గొప్ప కథల్లో ఒకటి మద్రాసులో అచ్చయింది. బెంగాల్‌కు చెందిన రోకేయా సఖావత్ హుస్సేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వచ్చింది. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపింది తెలుగు కుటుంబంలో పుట్టిన కమలా సత్తియనాథన్. స్త్రీలే పాలించే దేశం, గాలిలో ఎగిరే బళ్లు, మేఘాల నుంచి నీటిని తోడుకునే ఏర్పాటు, సూర్యుడి వేడిని యుద్ధానికి వాడడం ఆ కథలో ఉన్నాయి. శత్రువుల్ని ఓడించేది విశ్వవిద్యాలయాల్లో చదివిన స్త్రీల శాస్త్రజ్ఞానం. ఒక స్త్రీ రాసిన ఆ ఊహ సాటి స్త్రీ సొంతంగా నడిపే పత్రికలో చోటు దొరకబట్టే వెలుగు చూసింది. స్టీమ్‌పంక్ చరిత్రలు ఈ కథను ఇంకా పెద్ద అక్షరాలతో చెప్పుకోవాలి.

అమెరికాలో 20వ శతాబ్దం మొదట్లో ఈ కథలు కర్మాగారపు సరుకయ్యాయి. ఎడ్వర్డ్ స్ట్రాటమేయర్ కథాసంగ్రహాలు తయారుచేసి, కూలి రచయితలతో రాయించి, కల్పిత నామాలతో అమ్మాడు. 1910లో మొదలైన, కుర్ర ఆవిష్కర్త టామ్ స్విఫ్ట్ పుస్తకాలమీద కనిపించే విక్టర్ ఆపిల్టన్ అనే రచయిత లేనే లేడు. 1911 నాటి టామ్ స్విఫ్ట్ ఎలక్ట్రిక్ రైఫిల్ పేరు ఆధారంగానే, దశాబ్దాల తర్వాత టేజర్ అనే ఆయుధానికి పేరు పెట్టారు. పిల్లల పుస్తకాలు అంత లోతుగా నాటుకుంటాయి.

1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికను ప్రారంభించి, పాఠకుల ఉత్తరాల్ని చిరునామాలతో సహా ప్రచురించాడు. ఆ చిరునామాలు పట్టుకుని పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు, తర్వాత సొంత పత్రికలు తీశారు. 1930 మేలో వచ్చిన ‘ద కామెట్’ను వాటిలో మొదటిదిగా లెక్కిస్తారు. క్లీవ్‌లండ్‌లో హైస్కూలు విద్యార్థులు జెర్రీ సీగల్, జో షుస్టర్ మిమియోగ్రాఫ్ మీద ‘సైన్స్ ఫిక్షన్’ అనే పత్రిక తీశారు. 1933 జనవరిలో అందులో సూపర్‌మ్యాన్ అనే పేరు మొదటిసారి కనబడింది. తెలుగునాట లిఖిత పత్రికలు, సైక్లోస్టైల్ పత్రికలు తీసిన తరానికి ఆ సిరా మరకల సంబరం కొత్తది కాదు.

స్టీమ్‌పంక్ అనే మాట 1987లో పుట్టింది. కాలిఫోర్నియా రచయితలు కె. డబ్ల్యు. జీటర్, టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ మిత్రులు. 19వ శతాబ్దపు లండన్‌ను వింతలతో నింపి ముగ్గురూ నవలలు రాశారు. ఈ రకం రచనల్ని ఏమనాలన్న చర్చలో, అప్పట్లో జోరుమీదున్న కంప్యూటర్ల లోకపు సైబర్‌పంక్‌కు జోడుగా స్టీమ్‌పంక్ అందామని ఆ ఏడు ఏప్రిల్ ‘లోకస్’ పత్రికకు రాసిన ఉత్తరంలో జీటర్ సూచించాడు. 1990లో విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ ‘ద డిఫరెన్స్ ఇంజన్’ రాసి, చార్లెస్ బాబేజ్ గణనయంత్రాలు 19వ శతాబ్దంలోనే పని చేసి ఉంటే ఏమయ్యేదో చూపించారు. తెలుగు ప్రేక్షకులకు ఈ లోకపు వాసన 1991లో ‘ఆదిత్య 369’తో తగిలింది. హెచ్. జి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం ఊహే సింగీతం శ్రీనివాసరావు సినిమాకు ప్రేరణ.

కథ మళ్లీ యువ పాఠకుల దగ్గరకు చేరింది 2001లో. ఫిలిప్ రీవ్ ‘మోర్టల్ ఇంజన్స్’లో నగరాలు చక్రాలమీద తిరుగుతూ చిన్న ఊళ్లను మింగుతాయి. సామ్రాజ్యాల ఆకలిని పిల్లలకు ఇంత సూటిగా చెప్పిన పుస్తకం అరుదు. 2009లో స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ ‘లెవయతన్’ మొదటి ప్రపంచయుద్ధాన్ని యంత్రాల పక్షానికీ, మార్చిన జంతువుల పక్షానికీ మధ్య పోరుగా చూపింది. ఫిల్, కాయా ఫోలియో దంపతులు 2001 నుంచి సొంతంగా అచ్చు వేసుకున్న ‘గర్ల్ జీనియస్’ బొమ్మల కథ మరో మెట్టు. 2005లో వాళ్లు దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టి, పుస్తకాలు విడిగా అమ్మారు. 2009 నుంచి వరసగా మూడేళ్లు బొమ్మల కథల విభాగంలో హ్యూగో సైన్స్ ఫిక్షన్ బహుమతి దానికే వచ్చింది.

అచ్చు పుస్తకంతో సొంత ప్రచురణ ఎంత శ్రమో చెప్పడానికి క్రిస్టఫర్ పావొలినీ ఉదాహరణ చాలు. పదిహేనేళ్లకు మొదలుపెట్టిన ‘ఎరాగన్’ డ్రాగన్ల కథను 2002లో అతని కుటుంబమే ప్రచురించింది. అతను పాతకాలపు వేషం కట్టి బడులూ గ్రంథాలయాలూ తిరిగి ప్రతులు అమ్మాడు. మరుసటి ఏడు నాఫ్ ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. 2007 నవంబరులో అమెజాన్ ఈ-పుస్తక పరికరం కిండిల్‌తో పాటు, ఎవరైనా తమ పుస్తకాన్ని అమ్మకానికి పెట్టుకునే వీలు కూడా వచ్చింది. 2010లో అమెజాన్ నిర్ణీత ధరల మధ్య అమ్మే పుస్తకాలకు రచయిత వాటా 70 శాతానికి పెంచాక లెక్క పూర్తిగా మారింది. ప్రచురణకర్త అనుమతి కోసం ఏళ్లు కాచుకోవడం ఐచ్ఛికమైపోయింది.

ఆ ఏడు డిసెంబరులోనే లిండ్సే బ్యురోకర్ ‘ది ఎంపరర్స్ ఎడ్జ్’ను సొంతంగా విడుదల చేసింది. ఆవిరిబళ్లు తిరిగే సామ్రాజ్య రాజధానిలో, చేయని నేరం మీదపడిన మహిళా పోలీసు కథ అది. పుస్తకం తర్వాత పుస్తకంగా పెద్ద వరసైంది. 2011 జులైలో హ్యూ హౌయీ ‘వూల్’ను చిన్న కథగా పెట్టి, పాఠకులు అడగ్గా పొడిగించాడు. 2012లో సైమన్ అండ్ షుస్టర్ ఒప్పందం చేసుకున్నప్పుడు అచ్చు హక్కులు మాత్రమే ఇచ్చి, ఈ-పుస్తకం తన దగ్గరే ఉంచుకున్నాడు. పేరులేనివాడిగా బతికిన సెనారెన్స్‌కు దక్కని హక్కు అది.

ఈ రంగంలో వరసగా రాయడానికి కారణం ఆర్థికం. మొదటి పుస్తకాన్ని ఉచితంగానో 99 సెంట్లకో ఇస్తారు. నచ్చినవాళ్లు రెండోది, మూడోది కొంటారు. రచయితకు తిండి పెట్టేది ఆ తర్వాతి పుస్తకాలే. అయిదు సెంట్ల వారపత్రిక లెక్కా ఇదే. సంపాదకుడికి, అట్టబొమ్మకు, ప్రూఫులకు ఖర్చు రచయితదే కాబట్టి ఆ ఖర్చు తప్పించుకున్న పుస్తకాల్లో తప్పులు, సాగదీతలు దొర్లుతాయి. కళ్లద్దాలూ పళ్లచక్రాలూ అతికించి స్టీమ్‌పంక్ అని చెలామణీ చేసేవీ ఉన్నాయి. మంచివి మాత్రం పెద్ద సంస్థల పుస్తకాలకు ఎందులోనూ తీసిపోవు. వాటిలో యంత్రం ఎలా పనిచేస్తుందో, బొగ్గు ఎవరు తవ్వుతారో, ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో కూడా కనిపిస్తుంది. ఎల్లిస్ చూడని మనుషులు వాటిలో కథ నడుపుతారు.

ఎల్లిస్ ఆవిరి మనిషి కథ ‘ద హ్యూజ్ హంటర్’ అన్న మరో పేరుతో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆనాటి డైమ్ నవలలు వేలకొద్దీ నార్తర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం డిజిటల్ భాండాగారంలో ఉన్నాయి. ఈ వరసల్లో ఏదైనా కొత్తగా చదవబోయేవారు ముందు ఆ పాత కథను ఒకసారి చదవాలి. అది ఒక్క సాయంత్రం పని.